గోడ మీద అరచేయి

ఈ పొద్దున పాలిష్ మిషన్ ఆన్ చేసి, కిటికీ దిమ్మె మీది టీ గ్లాసు అందుకోబోతే టీ మీద సన్నటి వలయాలు కనిపించాయి. చెవికి ఏ తేడా తెలియలేదు. నా చెయ్యి మాత్రం దానంతటదే వెళ్లి గోడకు ఆనింది. అరచేతిలో చీమలు పాకినట్టుంది. వంగి చూద్దును కదా, మిషన్ కాలి కింది టైరు ముక్క పక్కకు జరిగిపోయి ఉంది. మిషన్ ఆపి, ముక్క సరిచేసి, మళ్లీ గోడ తాకి చూసేదాకా టీ ముట్టలేదు. ఆత్మకూరులో నా దగ్గర పనిచేసే ఆడవాళ్లకు ఇదొక నవ్వులాట. "అక్క గోడకు నాడి పట్టుకోని చూస్తా ఉండాది" అంటారు. అననీ. ఆ నాడి చూడటం నాకు నేర్పింది ఉదయగిరి గౌసమ్మ. ఆమెకు చెవులు వినపడవు. మిషన్ల చప్పుడు తగ్గించడం చెవులు వినపడని మనిషి దగ్గర నేర్చుకున్నానంటే ఎవరూ నమ్మరు. నమ్మినా నమ్మకపోయినా అది నిజం, పైగా నాకది గొప్ప.

మాది మర్రిపాడు. పెళ్లయ్యాక మా ఆయన లారీ డ్యూటీ కోసం ఉదయగిరిలో కాపురం పెట్టాం. ఆయన సగం రోజులు రోడ్డు మీదే ఉంటాడు. ఊరికే కూర్చోవడం నాకు చేతకాని పని. కొండ చెక్కతో గరిటెలు, చెంచాలు చేసే ఇళ్లు ఆ ఊళ్లో ఉన్నాయని విని గౌసమ్మ ఇంటికి వెళ్లాను. ముందు వసారానే ఆమె కార్ఖానా. చెక్కను కోసే మిషన్ ఒకటి, పాలిష్ మిషన్ ఒకటి, చుట్టూ చాపల మీద ఆకురాయి పట్టుకుని గరిటెలు నున్నగా చేసే ఆడవాళ్లు. పొడుగాటి మనిషి, తల మీద కొంగు, వీధి చివరిదాకా వినపడే గొంతు. తన గొంతు తనకు వినపడదు కాబట్టి అంత గట్టిగా మాట్లాడుతుందని నాకు తర్వాత తెలిసింది.

"నీ పేరేంది?" అంది నా పెదాల వంక చూస్తూ.

"రమణమ్మ."

"రవణమ్మా, చెవులు బాగా వినపడతాయా?"

వినపడతాయన్నాను. గోడకు తగిలించిన చెవి డిప్పలు తీసి నా తలకు ఎక్కించేసింది. "వినపడేటప్పుడే మూసుకోవాల. పోయినాక మూసుకుంటే ఏముండాది? ఇవి లేకుండా మిషన్ కాడికి పోయినావో, వీపు విమానం మోత మోగుతాది!" అంది. పేరు, చెవులు అడిగాక ఆమె నాతో అన్న మొదటి మాట ఇదే.

వయసులో ఉన్నప్పుడు ఆమె ఒక సామిల్లులో రంపం పక్కనే నిలబడి చెక్కలు అందుకునే పని చేసింది. మొదట పిట్టల కూతలు పోయాయట. తర్వాత మసీదు బాంగు దూరమైంది. చివరికి సొంత మనవరాలు వెనక నుంచి "నానీ" అని పిలిచినా తిరిగేది కాదు. "దాని గొంతు ఎట్టుంటాదో నాకు తెలీదు రవణా" అని ఒకసారి అంది. ఏడవలేదు. ఆకురాయితో గరిటె రుద్దుతూనే చెప్పింది.

ఆ కార్ఖానాకు, పక్కింటి శెట్టిగారికి మధ్య ఒకే గోడ. శెట్టిగారిది బజార్లో కిరాణా వ్యాపారం. పోట్లాట మనిషి కాదు. ఆయన భార్య రత్నమ్మగారికి నెల్లూరులో గుండె ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక పగలు కన్ను మూతపడటం లేదు. ఒకరోజు శెట్టిగారు గడప దగ్గర నిలబడి, పాపం, చేతులు నలుపుకుంటూ చెప్పాడు.

"గౌసమ్మా, నీ మీద నాకు కోపం లేదు. ఆమె తల పట్టుకోని కూర్చుంటా ఉండాది. నేను చూడలేకుండా ఉండాను. రంజాన్ కానియ్యి, ఆ తర్వాత మాత్రం మిషన్లు ఊరి బయటికి మార్చుకో."

మిషన్లు ఊరి బయటికి పోతే అవి ఒక్కటే పోతాయి. మేం పోలేం. పొయ్యి మీద కూర పెట్టి వచ్చే వాళ్లం, చంటిబిడ్డను చాప మీద పడుకోబెట్టుకునే వాళ్లం. మాలో చాలామందిని ఇంట్లో ఆ వీధి దాటి పనికి పంపరు. ఆ గది మూతపడితే మళ్లీ ఎవరి వంటింట్లో వాళ్లం. గౌసమ్మకు శెట్టిగారి మాటలు పెదాల మీదే అర్థమైపోయాయి. "నువ్వు చెప్పింది న్యాయమే శెట్టీ. పండగ దాకా టైము ఇచ్చినావు, చాలు" అంది.

ఇక మా తెలివితేటలు చూడాలి. చప్పుడు కిటికీల్లోంచి పోతోందని మేమే తీర్మానించేసుకుని, కిటికీలకు బొంతలు కుట్టి బిగించాం. కోడిగుడ్ల అట్టలు కొట్టుకొచ్చి గోడంతా అంటించాం. గాలి ఆగిపోయింది. చెక్కపొట్టు గదిలోనే సుడి తిరిగింది. రంజాన్ ఒకపొద్దు ఉన్న వాళ్లు తుమ్మలేక దగ్గలేక అల్లాడిపోయారు. ఇంత చేసి శెట్టిగారిని అడిగితే, "అట్నే ఉండాదమ్మా, ఏం తగ్గలా" అన్నాడు. మేం నీరుగారిపోయాం.

గౌసమ్మ మాత్రం చేతులు కడుక్కుని, "రా రవణా, వాళ్లింట్లోకి పోదాం" అంది. మాతో పనిచేసే నూర్జహాన్‌ను మిషన్ ఆడించమని చెప్పి వచ్చాం. రత్నమ్మగారు గోడ వారగా మంచం మీద ఉంది. పక్కన గూట్లో మంచినీళ్ల గ్లాసు. గౌసమ్మ గోడకు రెండు అరచేతులూ ఆనించి కళ్లు మూసుకుంది. పైన తడిమింది, కింద తడిమింది, చివరికి గచ్చు మీద కూర్చుని నేలకు చెయ్యి పెట్టింది. డాక్టరు రొమ్ము తట్టి చూసినట్టే చూసింది. తర్వాత గూట్లో గ్లాసు వైపు వేలు చూపింది. గ్లాసులో నీళ్లు వణుకుతున్నాయి.

"కిటికీలో నుంచి గాదే, గోడలో నుంచి వస్తా ఉండాది. ఇంకేందో టకటకా కొడతా ఉండాది, సన్నంగా. అదేంది?"

నేను గోడకు చెవి పెట్టాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నున్నగా చేసిన గరిటెలను గుత్తులుగా కట్టి ఆరబెట్టడానికి ఆ గోడకే మేకులు కొట్టి వేలాడదీయడం మా అలవాటు. గోడ పొడుగునా గుత్తులే. మిషన్ తిరిగినప్పుడల్లా అవన్నీ గోడను వాయిస్తున్నాయి. మేం మిషన్‌ను తిడుతున్నాం. రత్నమ్మగారి తలకాయ వాయించింది మేం చేసిన గరిటెలే!

ఆ రోజే గుత్తులన్నీ దింపి పెరట్లో దండేనికి కట్టాం. నేలలో దిగేసిన మిషన్ల బోల్టులు విప్పి, గోడకు బారెడు ఎడంగా జరిపాం. మా ఆయన పాత లారీ టైరు తెస్తే ముక్కలు కోసి ప్రతి కాలి కిందా పెట్టాం. బల్లల ఇనుప కాళ్లు బోలుగా ఉంటే పెన్న ఇసుక పోసి కూరాం. వదులైన బెల్టు బిగించాం. మిషన్ మీద గలగలలాడే రేకు మూత కింద సైకిల్ ట్యూబు వేశాం. రంపం పళ్లకు సాన పట్టించింది గౌసమ్మ. "మొద్దు పళ్లతో కోస్తే చెక్క ఏడస్తాది, మనకు పని సాగదు" అంది. ఒక్కొక్కటీ చెయ్యడం, గోడ మీద చెయ్యి పెట్టడం, తల అడ్డంగా ఊపడం, మళ్లీ చెయ్యడం. ఒకపొద్దుతోనే ఆమె అంత పనీ చేస్తుంటే తిని వచ్చిన నాకు ఆయాసం వచ్చేది. బొంతలు పీకేసి కిటికీలు తెరిచేశాం. రత్నమ్మగారు నడుం వాల్చే వేళ మిషన్లు ఆపి, అందరం చేతిపని చేయాలని కట్టడి కూడా పెట్టింది.

పండగ ముందర మళ్లీ శెట్టిగారింటికి వెళ్లాం. అవతల నూర్జహాన్ మిషన్ ఆన్ చేసింది. శెట్టిగారు కళ్లజోడు సవరించుకుని గ్లాసు మీదికి వంగాడు. నేనూ వంగాను. నీళ్లు కదల్లేదు. కిటికీలోంచి మిషన్ రొద దూరంగా వస్తూనే ఉంది గానీ, మునుపటి మోత లేదు. గౌసమ్మకు అది వినపడే దారి లేదు కదా, మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. "ఏమయిందే, చెప్పు!" అని తన మామూలు గొంతుతో అరిచింది. శెట్టిగారు గబుక్కున నోటి మీద వేలు పెట్టి మంచం వైపు చూపించాడు. రత్నమ్మగారు నోరు కొద్దిగా తెరిచి, హాయిగా నిద్రపోతోంది. గౌసమ్మ కొంగుతో నోరు మూసుకుంది. ఆమె కళ్లలో నీళ్లు నేను చూసింది ఆ ఒక్కసారే. ఆ పండక్కి శెట్టిగారింటికి సేమ్యా గిన్నె నేనే మోసుకెళ్లాను. ఎంత గర్వంగా నడిచానో నాకే తెలుసు.

తర్వాత మేం ఆత్మకూరుకు మారాం. ఇంటి ముందు గదిలో నేనూ రెండు మిషన్లు పెట్టుకున్నాను. ఆమె నేర్పినవన్నీ వరసగా చేశాను. చుట్టుపక్కల వాళ్లు ఇంతవరకు ఒక్క మాట అనలేదు. పోయిన ఏడాది గౌసమ్మ కాలం చేసింది. అంతకు ముందు ఒక్కసారి, మనవరాలి చెయ్యి పట్టుకుని బస్సులో మా ఇంటికి వచ్చింది. ఎవరో వచ్చారని నేను తలుపు తీసేసరికి, ఆమె బయట నిలబడి నా గోడ మీద అరచేయి ఆనించి ఉంది. మొహం చిటపటలాడుతోంది.

"ఏందే రవణా, ఇంత పొద్దెక్కినా మిషన్ ఆడించకుండా కూర్చోనుండావు? ఇందుకేనా నీకు పని నేర్పించింది?"

నేను ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాను. కోత మిషన్ జోరుగా తిరుగుతోంది. చెవి డిప్పలు పెట్టుకున్న పిల్ల చెక్క తోస్తోంది, పొట్టు ఎగురుతోంది. గౌసమ్మ రంపాన్ని చూసింది. పిల్ల చెవుల్ని చూసింది. గోడకు పెట్టిన తన అరచేతిని తిప్పి చూసుకుంది. తర్వాత ఆ చెయ్యి తెచ్చి నా తల మీద పెట్టింది.