బావ ఇల్లు, నాలుగు డిగ్రీలు

పైడితల్లి అమ్మవారి మీద ఒట్టు. ఇందులో ఒక్క అక్షరం అబద్ధమున్నా ఇకపై నేను పోసే ప్రతి దోసె పెనానికి అంటుకుపోవాలి.

సాలూరులో మా బావకి లారీ సామాన్ల దుకాణం. ఆయన మేడ మీద నేనొక రేడియో టెలిస్కోపు నిలబెట్టాను. కేబుల్ టీవీ వాళ్లు వదిలేసిన పెద్ద డిష్షు, దాన్ని పక్కలకు తిప్పడానికి బావ ఇచ్చిన పాత లారీ స్టీరింగు. పైన నేను తిప్పుతుంటే కింద వీధిలో లారీలు తప్పుకునేవి.

డిష్షు మనం అనుకున్న చోటికే చూస్తోందా అన్నది ముందు తేలాలి. దానికి సూర్యుణ్ణి మించిన గురి లేదు. లెక్క ప్రకారం సూర్యుడు ఉండాల్సిన చోటికి అటూ ఇటూ డిష్షును మెల్లగా జరుపుతూ, డిష్షుకి తగిలించిన మీటరు ముల్లు ఎక్కడ బాగా లేస్తుందో రాసుకోవాలి. స్టీరింగులో ఆట, అంటే కాస్త వదులు, ఉంటుంది కనుక ఎప్పుడూ ఎడమ నుంచి కుడికే.

ఆ చలికాలమంతా సూర్యుడు నాలుగు డిగ్రీలు పక్కనే దొరికాడు.

"ఏట్రా, సూరీడు ఆపడ్డాడా?" బావ టీ గ్లాసుతో మేడెక్కి వచ్చాడు. డిష్షుని ఆయన తట్ట అనేవాడు.

"ఆపడ్డాడు గానీ, కాస్త పక్కన."

"ఆడు రోజూ వొచ్చిన దారినే వొస్తన్నాడు. నీ తట్టే వంకర. రేపు స్టీరింగు ఇప్పీసి లారీకెట్టీస్తాను."

ఆ రోజంతా గ్రాఫు కాగితాల ముందు కూర్చున్నాను. డిష్షు బరువుకి వంగితే సూర్యుడు పైకెక్కేకొద్దీ తేడా మారాలి. స్తంభం ఒరిగితే పొద్దుటి తేడా ఒకటి, సాయంత్రానిది ఇంకొకటి కావాలి. ఇది ఎప్పుడూ ఒకటే. అంటే మొదట ఉత్తరమని గుర్తు పెట్టుకున్న గీతే తప్పు. ఆ గీత నేను మేడ పిట్టగోడ వెంబడి గీశాను. సిద్ధాంతి తాడేసి కొలిచిన తూర్పు వాకిలి ఇల్లు, సూదిమొనంత తేడా రాదని బావే చెప్పాడు మరి.

వంకర ఇంటిది. చెబితే ముప్పు. వాస్తు పేరున బావ ఇప్పటికే రెండుసార్లు మెట్లు కొట్టించి కట్టించాడు. మూడోసారి కొట్టిస్తే నా డిష్షుకి దారి లేదు. చెప్పకపోతే స్టీరింగు లారీకి పోతుంది.

"తట్టది కాదు బావా," అన్నాను మర్నాడు. "నీ ఇల్లే నాలుగు డిగ్రీలు తిరిగి ఉంది."

గ్లాసు పిట్టగోడ మీద పెట్టేశాడు. "ఎటేపు?"

"ఈశాన్యం వైపు."

ఆయన మొహం వెలిగిపోయింది. "అదీ! అందుకే దుకాణం ఇలగ నడస్తన్నాది! ఒసే, ఇన్నావేటి? మనిల్లు ఈశాన్నం సూస్తన్నాదట! సిద్ధాంతికి దొరకంది నీ తమ్ముడి తట్ట సెప్పింది!"

"అయితే ఇంక మెట్లు కొట్టించవు కదా?" కింద నుంచి అక్క.

"ఒక్క ఇటుక ముట్టను!"

ఆ నాలుగు డిగ్రీలు లెక్కలో సరిదిద్దుకున్నాను. ఆ మధ్యాహ్నమే లెక్క చెప్పిన చోట సూర్యుడు దొరికాడు. డిష్షు ఇప్పటికీ అక్కడే ఉంది.

ఒట్టు వేశాను గనుక ఒకటి ఒప్పుకోవాలి. ఇందులో నేను కల్పించింది ఒక్క మాటే, అదీ బావతో అన్నదే. మీటరు చూపింది ఆగ్నేయం.

లారీలు తప్పుకున్న సంగతి మాత్రం నిజం.