పడుకోని గుర్రం

మా గుర్రానికి విశ్రాంతి దొరికిన ఏడాదే నాకు మధ్యాహ్నం నిద్ర లేకుండా పోయింది. దాని మీద ప్రేమతో ఒళ్లు హూనం చేసుకున్నానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. అప్పటికి పద్దెనిమిదేళ్ల కాపురంలో నేను దాన్ని ముట్టుకోనేలేదు. జట్కాకి కట్టడం, విప్పడం, తోమడం, ఉలవలు పెట్టడం అన్నీ మా ఆయనే. నాకు కుట్టుమిషను, పొయ్యి, ఇద్దరు ఆడపిల్లలు. ఎవరి చాకిరీ వాళ్లది.

అమలాపురంలోకి ఆటోలు వచ్చాక జట్కా ఎక్కేవాళ్లు తగ్గిపోయారు. మా సందు చివర జట్కావాళ్ల పాకలో ఆరు గుర్రాలు ఉండేవి. ఒక్కొక్కటే కనబడకుండా పోయి, చివరికి మాదొక్కటే మిగిలింది. మా ఆయన జట్కా అమ్మేసి కొబ్బరి కొట్లో పగటి కాపలాకి కుదిరాడు. గుర్రాన్ని మాత్రం అమ్మనని మా పెరట్లో పాక వేశాడు.

“పిల్లల్ని పెంచింది అదేనే. ఇంక సుఖంగా కూచుని తిననీ,” అన్నాడు.

బాగానే ఉంది. పొద్దున్నే క్యారేజీ పట్టుకుని ఆయన కొట్టుకి పోతే, దాన్ని కూచోబెట్టి మేపేది ఎవరు?

ముసలి గుర్రానికి ఇంత సేవ ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. పళ్లు అరిగిపోయి గడ్డి నమల్లేక ఉండలుగా ఉమ్మేసేది. తవుడు నానబెట్టి, ఉలవలు మెత్తగా ఉడికించి పెట్టాలి. ఊరికే కట్టేస్తే కాళ్లు వాచేవి. అందుకని పొద్దున్నే కాలవగట్టు మీద లాకుల దాకా నడిపించాలి. ఆడమనిషి గుర్రాన్ని పట్టుకుని నడుస్తుంటే సైకిళ్లు ఆపి మరీ చూసేవారు. “పెళ్లికొడుకేడమ్మా?” అని ఒకాయన రోజూ అడిగేవాడు. వానాకాలం మా నేల ఆరదు కదా, డెక్కలు చివికిపోకుండా పాకలో ఇసక పోసి, పైన కొబ్బరి పీచు పరిచి, తడిసినప్పుడల్లా ఎత్తిపోయాలి. ఇవన్నీ అయ్యాకే నా జాకెట్లు.

ఇంత చేసినా, మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, అది పడిపోవడం మొదలుపెట్టింది. నించున్నది నించున్నట్టే ముందుకాళ్లు ముడుచుకుపోయి మోకాళ్ల మీద కూలేది. వెంటనే బెదిరి లేచేది. మోకాళ్లు రెండూ పుండ్లు పడ్డాయి. పశువుల డాక్టరుగారు ఇచ్చిన మందుతో మానేవి, మళ్లీ పడేది.

“కాలు విరిగిందంటే ఇంక లేవదే. అంతదాకా తెచ్చుకోకుండా ఆ నరసాపురం ఆయనకి కబురు పెడతాను,” అన్నాడు మా ఆయన.

నరసాపురం ఆయన ముసలి పశువుల్ని కొని, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కించి గోదావరి దాటించేవాడు. దాటించి ఏం చేస్తాడో అందరికీ తెలుసు, ఎవరూ అడగరు. దాచుకోవడం దేనికి, పోతే పోనీ అనుకున్నాను నేను. అంత అలిసిపోయి ఉన్నాను.

ఆ రోజుల్లోనే, మా ఆయనకి జట్కా నేర్పిన కొత్తపేట పెద్దాయన చూడ్డానికి వచ్చారు. గుర్రం చుట్టూ తిరిగి, ఒంటి మీద చెయ్యి వేసి, “ఇది పడుకోగా ఎప్పుడైనా చూసేవా అమ్మా?” అన్నారు.

“లేదండి బాబాయిగారూ.”

“ఒంటి మీద ఒక్క పీచు ముక్క లేదు చూడు. నిద్ర చాలక పడిపోతోందమ్మా. గుర్రం నించుని కునుకు తీస్తుంది గానీ, పడుకుంటేనే నిద్ర. పక్కన ఇంకోటి కాపలా ఉంటే గానీ పడుకోదు. ఆ జట్కావాళ్ల పాకలో దీనికి తోడు ఇంకో అయిదు ఉండేవి కదా.”

“ఇప్పుడు గుర్రాన్నెక్కడ తేనండి?”

“గుర్రమే అవక్కర్లేదు. మేకైనా సరిపోతుంది.”

మేకని తెచ్చాం. తవుడంతా తినేసి, గోడ దూకి, పక్కింటి మందారచెట్టు బోడి చేసింది. గుర్రం దాన్ని లెక్కే చెయ్యలేదు. నాలుగో రోజున మేకని ఇచ్చేశాం. ఇంట్లో ఇక మిగిలిన ప్రాణి నేను.

అన్నాలయ్యాక కాజాలు, హుక్కుల పని పట్టుకుని పాకలో పీట వేసుకునేదాన్ని. వారం రోజులు నన్ను చూస్తూ నించుంది. తరవాత ఒక మధ్యాహ్నం మోకాళ్లు వంచి, మూలుగుతూ పక్కకి ఒరిగింది. చచ్చిపోతోందనుకుని పీట మీంచి లేవబోయాను. అది గురక పెట్టింది. నేను లేస్తే అదీ లేచేది, అందుకని గంటసేపు కదలడానికి లేదు. పడిపోవడం ఆగింది. కానీ నాలుగింటికే లేచే మనిషికి ఆ మధ్యాహ్నం గంటే ఆధారం. “మహారాజుగారికి నిద్ర, దాసీదానికి కాపలా,” అని దాన్ని తిడుతూ కుట్టేదాన్ని.

క్రిస్మస్ ముందు జాకెట్లు కుప్పపడ్డాయి. మిషను దగ్గర్నించి లేవలేక నాలుగు రోజులు పాకలోకి పోలేదు. అయిదో రోజు అది మళ్లీ కూలింది. మా ఆయన నరసాపురం కబురు పెట్టి, “ఎల్లుండి వస్తాడు,” అన్నాడు. నేను సరేనన్నాను.

మర్నాడు మధ్యాహ్నం, ఎలాగూ పోయేదే, ఈ పూటైనా పడుకోనీ అని పాకలోకి వెళ్లాను. సూదిలో దారం ఎక్కించడం వరకే గుర్తుంది.

మెలకువ వచ్చేసరికి పీచు మీద పడి ఉన్నాను. బడి నించి పిల్లలు వచ్చే వేళయింది. గుర్రం పడుకోలేదు. నా పక్కనే, చెవులు వీధివైపు పెట్టి నించుని ఉంది. పుండు పడ్డ మోకాళ్లు వణుకుతున్నాయి. నిద్ర నాకంటే దానికే ఎక్కువ కావాలి. అయినా ఇద్దరిలో నేను పడుకున్నాను కాబట్టి అది నించుంది.

నాకు ఏడుపు ఆగలేదు. ఆ ఇంట్లో నన్ను నిద్ర లేపినవాళ్లే అందరూ. నేను పడుకుంటే కాపలా ఉన్నవాళ్లు అంతవరకూ లేరు.

నరసాపురం ఆయన చెప్పిన రోజుకే తాడు పట్టుకుని వచ్చాడు. మా ఆయన నావైపు చూశాడు.

“అమ్మట్లేదండి. తమరు ఊరికే శ్రమపడి వచ్చేరు,” అన్నాను.

ఆయన వెళ్లాక మా ఆయన, “మరి నువ్వు పాకలో కూచుంటే జాకెట్లో?” అన్నాడు.

“నేను కూచోను. రేపట్నించి క్యారేజీ కట్టను. అన్నానికి ఇంటికి రండి. తిని, పాకలో మీరు కూచోండి. నాక్కూడా నిద్ర కావాలి.”

“ఆయ్, అలాగే,” అన్నాడు.

ఆ తరవాత అది మూడేళ్లు బతికింది. మధ్యాహ్నాలు ఆయన పీట మీద కూచునేవాడు. ఒక పక్క గుర్రం, ఇంకో పక్క చాప వేసుకుని నేను, ఇద్దరం పడుకునేవాళ్లం.