కట్టు ఆమెకు, ఉలవలు ఆవుకు

చింతామణిలో బ్యాళ్ళ అంగడి, అదే పప్పుల కొట్టు, పెట్టుకుని ముసలివాణ్ణయ్యాను. కందులు చేతిలోకి తీసుకుంటే చాలు, అవి బాగేపల్లి చేలవో దిబ్బూరహళ్ళి చేలవో చెప్పగలనని అంగడికొచ్చినవాళ్ల ముందు కోతలు కోసేవాణ్ణి. నిజానికి మూటలు ఎవరు దించిపోయారో ముందే చూసుకునేవాణ్ణి.

రెండేళ్ల కిందట వానాకాలంలో నా భార్య పెరట్లో జారిపడింది. చిక్కబళ్ళాపురంలో తుంటికి ఆపరేషన్ చేశారు. కుట్లు విప్పాక కూడా గాయం మానలేదు, పాదాలు ఉబ్బాయి. రక్తంలో ప్రోటీను బాగా తగ్గిపోయిందనీ, తిండితో అది పెరగకపోతే గాయం మానదనీ డాక్టరు చెప్పాడు. గుడ్డు తింటారా అని అడిగితే ఆమె ముఖం తిప్పుకుంది. మా ఇళ్లలో గుడ్డు గడప దాటి రాదు. పాలు కాఫీలోకి తప్ప ఆమెకు సయించవు. అయితే పప్పులే గతి అన్నాడు.

నేను నవ్వాను. బ్యాళ్ళ అంగడివాడికి పప్పులు కరువా? నెల తిరిగేలోగా ఆమెను నడిపించుకుని వస్తానని డాక్టరుకే మాటిచ్చాను.

మా వైపు సత్తువ అంటే ఉలవలు. జ్వరం పడి లేచినవాళ్లకూ, బాలింతలకూ ఉలవకట్టే పోస్తారు. ఉలవలు మెత్తగా ఉడికించి, నీళ్లు వంచి, ఆ కట్టుతో చారు కాస్తాం. సారమంతా కట్టులోకి దిగిపోయిందనీ, మిగిలిన గింజ పిప్పి అనీ మా లెక్క. పిప్పి పశువులకు. మా అమ్మ అలాగే చేసింది, బాగేపల్లిలో మా అత్తగారూ అలాగే చేసింది.

నా భార్య మంచం మీది నుంచి ఇంకో కూత రానీయమని కుక్కరుకు కాపలా కాసేది. నేను కట్టు వంచి, మిరియాలూ ఇంగువా వేసి, గ్లాసులో పోసి ఇచ్చేవాణ్ణి. రుచి కుదరకపోయినా గ్లాసు ఖాళీ చేసేది. ఉడికిన ఉలవలను బకెట్లో వేసి, వెనక సందులో పాలమ్మే ఆవిడ ఆవుకు పెట్టి వచ్చేవాణ్ణి.

ఆవు నిగనిగలాడింది. పాలు రెట్టింపయ్యాయని ఊరంతా చెప్పాను. ఒక చెంబుడు పెరిగాయేమో.

ఆమె గాయం మాత్రం అలాగే ఉంది. పాదం మీద వేలు పెట్టి నొక్కితే గుంట పడి, ఎంతసేపటికీ పూడేది కాదు. ఈసారి ఆసుపత్రిలో తిండి సంగతులు చూసే అమ్మాయి దగ్గరికి పంపారు. నేను గొప్పగా నా వంటంతా చెప్పాను. ఆ అమ్మాయి విని, "గింజలేం చేస్తాండారు తాతా?" అని అడిగింది.

"ఆవుకు."

ఆ అమ్మాయి పెన్ను కింద పెట్టింది. "ప్రోటీను గింజలోనే ఉండాది తాతా. నీళ్లలోకి దిగేది కొంచెమే."

చక్రాల కుర్చీలో ఉన్న నా భార్య నా వైపు చూసింది. తుంటి పట్టుకుని, కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. "ఇదో, ఇన్నాళ్లూ మీరు వైద్యం చేస్తాండేది ఆవుకా?"

ఆ తర్వాత ఉలవలు మెదిపి రాగిముద్దలో కలిపి పెట్టాను. చలి మొదలై అనపకాయలు వచ్చాక, గింజలు నానబెట్టి, ఒక్కొక్కదాన్నీ వేళ్లతో పితికి తొక్క తీసి, పితికిపప్పు కూర చేశాను. తనూ పడుకునే కొన్ని పితికింది. కానీ అప్పటికే ఆకలి పోయింది. రెండు ముద్దలు తిని, కంచం మీద చెయ్యి అడ్డం పెట్టేది. "ఇంక చాలు. నోరు ఆడలేదు నాకు."

ఒక ఉదయం నేను గింజలు పితుకుతుండగానే పోయింది.

ఉలవలు ఆవుకు పెట్టి నా భార్యను నేనే చంపుకున్నానని వచ్చినవాళ్లందరికీ చెప్పాను. ఇదీ కోతే. గుండె ఎప్పటినుంచో బలహీనంగా ఉందనీ, ఆ కొన్ని వారాల ఉలవల వల్ల ఏమీ మారేది కాదనీ డాక్టరు నాతో అన్నాడు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. తప్పు నాదైతే, నేను సరిగ్గా వండి ఉంటే ఆమె ఉండేదన్నమాట. డాక్టరు చెప్పిందే నిజమైతే ఆ కాస్త ఆశ కూడా లేదు.

ఇప్పటికీ రోజూ ఉలవలు ఉడికిస్తాను అని రాయబోయాను. వారానికొకసారే. కుక్కరు కూత వినబడితే గోడ అవతల ఆవు అరుస్తుంది. గింజలు నేను తింటాను. కట్టు గ్లాసులో పోసి, ఆమె మంచం పక్కన చల్లారేదాకా ఉంచుతాను. తర్వాత తీసుకెళ్లి ఆవు తొట్టిలో పోస్తాను.