ఉప్పు తక్కువైన పులుసు

దెయ్యాలంటే నాకు నవ్వొస్తుంది. ఒడిశాలో జయపురంలో నీళ్ళ పంపుల మెకానిక్‌ని. పంపుహౌసులో ఎవరో మూలుగుతున్నారని జనం హడలిపోతే, వెళ్ళి అరిగిపోయిన బేరింగు ఊడదీసి వాళ్ళ చేతిలో పెట్టి వచ్చే మనిషిని. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం నా కళ్ళ ముందు, పట్టపగలు, మా అమ్మకి జరిగింది.

ముందు అమ్మ సంగతి చెప్పాలి. మా వీధిలో అమ్మవారి పండక్కి నైవేద్యం వంట ఏటా ఆవిడదే. నైవేద్యం రుచి చూస్తే ఎంగిలి. అందుకని అమ్మ గిన్నె మీదకి వంగి, ఆవిరి పీల్చి, ఉప్పు సరిపోయిందో లేదో చెప్పేసేది. ఏనాడూ తప్పలేదు.

అలాంటి మనిషికి ఆ మధ్య జ్వరం వచ్చి తగ్గాక వాసన తెలియకుండా పోయింది. మల్లెపూలూ ఫినాయిలూ ఒకటే అయిపోయాయి. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నారు డాక్టర్లు. ఆ ఏడు పండగ వంట వేరేవాళ్ళకి అప్పజెప్పారు.

"నానింక దేనికి పనికొత్తానురా?" అంది అమ్మ. ఆ తర్వాత పొయ్యి దగ్గరికే రావడం మానేసింది.

కాస్త గాలి మార్పయినా ఉంటుందని, వలిసె పూలు పూసే రోజుల్లో సెలవు పెట్టాను. మా పాత వ్యాన్‌లో టెంటూ, గ్యాసు పొయ్యీ, వంట సామాన్లూ వేసుకుని నేనూ, మా ఆవిడ పార్వతీ, అమ్మా బయలుదేరాం.

ఎక్కడా తొందర పడలేదు. కొండల మీద పసుపు ఆరబోసినట్టు వలిసె చేలు. కోరాపుట్ దగ్గర చెట్ల కింద ఎవరూ పట్టించుకోని పాత జైన విగ్రహాలు కనబడితే ఆగాం. వాగు కనబడితే నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాం. టెంటు వేయడం రాక నేను అందులోనే చుట్టుకుపోతే, "సేపలా వల్లో పడ్డాడే అమ్మీ!" అని అమ్మ పార్వతికి చూపించి పగలబడి నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో! ఖర్చు పోతే పోయిందనుకున్నాను.

రాయగడ దాటి బిస్సమ్ కటక్ వైపు పోతుంటే, వాగు పక్కన పైకప్పు లేని చిన్న రాతి గుడి కనబడింది. బోర్డు లేదు, విగ్రహమూ లేదు. గోడల మీద చెక్కిన లతలు మాత్రం ఎంత ముచ్చటగా ఉన్నాయో! అక్కడే మకాం అనుకున్నాం.

నేను టెంటు మేకులు దిగ్గొడుతున్నాను. పార్వతి వాగులో బియ్యం కడుగుతోంది. చెట్టు నీడలో కునుకు తీస్తున్న అమ్మ ఉన్నట్టుండి లేచి కూర్చుంది.

"అమ్మీ, పులుసులో ఉప్పు సాల్లేదే."

పార్వతి నా వైపు చూసింది. పులుసేమిటి? గ్యాసు పొయ్యి ఇంకా వ్యాన్‌లోనే, అట్టపెట్టెలో ఉంది.

"అమ్మా, నీకు వాసన తెలుస్తోందా?" అన్నాను.

"తెలకేటి? బెల్లమేసిన గుమ్మడికాయ పులుసు. గుమగుమలాడిపోతంది గాని ఉప్పే తక్కువ."

నాకేమీ వాసన రాలేదు. పార్వతికీ రాలేదు. అమ్మ ఉప్పు డబ్బా తీసుకుని తిన్నగా గుడిలోకి నడిచింది. వెనకే మేమూ వెళ్ళాం. లోపల ఒక మూల పొయ్యిలా పేర్చిన మూడు రాళ్ళు, మధ్యలో మొలిచిన గడ్డి. బూడిద లేదు. రాళ్ళు ముట్టుకుని చూశాను, చల్లగా ఉన్నాయి.

అమ్మ వాటి మీదకి వంగింది, అచ్చం పండగనాడు గిన్నె మీదకి వంగినట్టే. చిటికెడు ఉప్పు వేసి, కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చింది.

"ఆఁ, ఇప్పుడు సరిపోనాది."

పార్వతి వ్యాన్‌లోకి పరుగెత్తి అల్లం, కాఫీ పొడి, సబ్బు, ఏది దొరికితే అది తెచ్చి అమ్మ ముక్కు దగ్గర పెట్టింది. కళ్ళు తెరవకుండానే అమ్మ అన్నీ చెప్పేసింది. చివరికి నా చొక్కా పెడితే, "సీ! ఇది మీ ఆయన సొక్కానే, ఎంటనే వాగులో పడెయ్యి!" అంది. ముగ్గురం నవ్వాం, ఏడ్చాం, మళ్ళీ నవ్వాం. ఆ పూట వంటంతా అమ్మే చేసింది.

చుట్టుపక్కల వంట ఎక్కడైనా జరుగుతోందేమోనని వాగుకి ఆ గట్టూ ఈ గట్టూ తిరిగి చూశాను. ఎక్కడా పొగ లేదు. కట్టెల మోపుతో వస్తున్న ఆ పక్క ఊరి ఆవిడని అడిగితే, ఊరంతా సంతకి పోయింది, పొయ్యి వెలిగించడానికి ఇళ్ళల్లో ఎవరున్నారు అంది.

ఈ ఏడు మా వీధి నైవేద్యం మళ్ళీ అమ్మ చేతి మీదే జరిగింది. ఆవిడ గిన్నె మీదకి వంగినప్పుడు నేను ఊపిరి బిగబట్టాను. తలెత్తి "సరిపోనాది" అనేసరికి అంత మందిలోనూ నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

ఒక్కోసారి నరం దానంతటదే బాగుపడుతుందన్నాడు డాక్టరు. సరే, ఒప్పుకుంటాను. మరి పొయ్యే వెలగని చోట ఆ పులుసు ఎవరిది? ఈ బేరింగు మాత్రం నాకు దొరకలేదు. అమ్మనే అడిగాను.

"ఎవల్దైతే ఏటిరా? వొండుకునీవోలు సప్పగా తింటే సూత్తా ఊరుకుంటామేటి?" అంది.