సంపు మూలన లైటు

మా ఎదురు ఫ్లాట్ టీచరమ్మ చనిపోయారు. ఆ రోజు సాయంత్రం ఆఫీసు నుంచి బయల్దేరబోతూ ఫోన్ చూసుకుంటే మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఆ కబురు ఉంది. దాని పైనే నీళ్ళ ట్యాంకర్ ఎప్పుడొస్తుందని ఎవరో అడిగిన మెసేజ్. మధ్యాహ్నం గుండె నొప్పి అన్నారట, దవాఖానకు చేరేలోపే అంతా అయిపోయిందట. అక్కడి నుంచి అటే కూకట్‌పల్లిలో ఆమె తమ్ముడి ఇంటికి తీసుకెళ్ళారు. క్యాబ్ ఎక్కాక నాకు ఏడుపు తర్వాత వచ్చింది, ముందు భయం వేసింది. ఇవాళ గేటు దగ్గర దిగి లోపలికి ఎట్లా పోవాలి? స్వార్థం అనుకుంటారేమో. ఆమె ఎవరో చెబితే మీకే అర్థమవుతుంది.

మాది మణికొండలో ఒక లోపలి సందు. గేటు దాటితే ప్రహరీ వెంబడి సన్నటి దారి, చివర మలుపు, ఆ మలుపులో నీళ్ళ సంపు. మలుపు తిరిగితే పార్కింగ్, దాని కొసన లిఫ్టు. ప్రహరీకి అవతల ఖాళీ ప్లాటు, నిండా సర్కారు తుమ్మ. మెయిన్ రోడ్డు మీద అద్దాల బిల్డింగులు ధగధగలాడుతుంటాయి గానీ మా సందులో పొద్దు గూకితే పక్క మనిషి కనిపించడు. కడప నుంచి ఉద్యోగానికి వచ్చి ఒక్కదాన్నే అక్కడ కిరాయికి దిగాను.

నేను పిరికిదాన్ని. టీచరమ్మ నాకంటే పిరికి. ఉద్యోగమున్నన్నాళ్ళూ క్లాసును కంటిచూపుతో కూర్చోబెట్టిన మనిషే, చీకటి పడ్డాక పార్కింగ్‌లోకి మాత్రం ఒంటరిగా వెళ్ళేవారు కాదు. తప్పనిసరై మెట్లు దిగాల్సి వస్తే పాట ఎత్తుకునేవారు. చర్చిలో పాడే పాటే, కాకపోతే మరీ గట్టిగా, శ్రుతీ గితీ లేకుండా. దొంగ ఉంటే ఆ గొంతుకే పారిపోతాడని అపార్ట్‌మెంట్ పిల్లమూకంతా నవ్వేది.

బైకుల్లో పెట్రోలు పోతోందని మా అసోసియేషన్ సెక్రటరీ గారు దొరికినంతలో పెద్ద ఫ్లడ్‌లైటు తెచ్చి, సంపు పైన గోడకు గేటు వైపు తిప్పి బిగించారు. వీధి వీధంతా తెల్లబడింది. అందరం భలే ఉందన్నాం. టీచరమ్మ ఒక్కరే చేయి కళ్ళకు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు.

కొన్నాళ్ళకు మూడో అంతస్తులో ఉండే బ్యాంకు ఆవిడ ఆ మలుపు తిరుగుతుంటే ఎవడో మెడలో గొలుసు లాగి ఖాళీ ప్లాటులోకి దూకాడు. మెడ కోసుకుపోయింది. పోలీసులు వచ్చి వాడి మొహం ఎట్లా ఉందని అడిగితే ఆ తల్లి ఏం చెబుతుంది? కళ్ళల్లో లైటు కొట్టింది, లైటు కింద అంతా నలుపే, ఆ నలుపు కదిలింది, అంతే చెప్పగలిగింది. వాడు దొరకలేదు.

ఆ తర్వాత నాకు నిద్ర లేదు. ఉద్యోగం మానేసి వచ్చెయ్యమని అమ్మ రోజూ ఫోన్‌లో ఒకటే పోరు. ఇల్లు ఖాళీ చేస్తానని ఓనర్‌కు చెప్పేశాను కూడా. ఎన్నో ఇంటర్వ్యూల తర్వాత దొరికిన ఉద్యోగం, ఒక మలుపుకు భయపడి వదులుకోబోతున్నాను.

అసోసియేషన్ మీటింగ్‌లో అలాంటి లైట్లు ఇంకో రెండు పెడదామన్నారు. అప్పుడు లేచారు టీచరమ్మ.

"భయపడేటోళ్ళను అడగండి సార్, లైటు యాడ పెట్టాల్నో. ధైర్యమున్నోళ్ళకు అన్ని జాగలు ఒక్కతీరే ఉంటయి."

మర్నాడు పొద్దుగూకాక అందరినీ కిందికి దింపారు. పెద్ద లైటు ఆర్పించారు. సెక్రటరీ గారిని దొంగను చేసి స్తంభం చాటున నిలబెట్టారు. ఆయన పొట్ట బయటికి కనబడుతుంటే బ్యాంకు ఆవిడ కూడా ఆ రోజు నవ్వింది. ఆడవాళ్ళం ఒక్కొక్కరం గేటు నుంచి లిఫ్టు దాకా నడవాలి. నా చేతిలో సుద్దముక్క పెట్టారు.

"మొహం కనబడకుంటే ఆడ గీత గియ్యి బిడ్డా. నీకు తెల్వకుండనే నడక జోరైతది చూడు, ఆడ గూడ గియ్యి."

అడుగు ఎక్కడ తొందరపడుతుందో అంతవరకు నేనెప్పుడూ గమనించుకోలేదు. అందరి గీతలూ కలిసి సంపు దగ్గర నేల తెల్లగా అయిపోయింది.

ఆ గీతల ప్రకారమే పని జరిగింది. ఫ్లడ్‌లైటు పీకేశారు. దారి పొడవునా చిన్న చిన్న లైట్లు, కింద నేల మీదా మనిషి మొహం మీదా పడేట్టు, పక్కింటి వాళ్ళ పడకగదిలోకి పోకుండా మూతలు పెట్టి. సంపు మూలనా పార్కింగ్‌లోనూ మాత్రం కరెంటు బిల్లు చూసి, మనిషి కదిలితే వెలిగే సెన్సర్ లైట్లు పెట్టారు. సంపు మూలన ఎప్పుడూ వెలిగేదే కావాలని టీచరమ్మ అడిగారు గానీ సెక్రటరీ గారు ఒప్పుకోలేదు. నేను ఓనర్‌కు ఫోన్ చేసి, ఖాళీ చేయడం లేదన్నాను.

ఇక భయం పోయిందనుకున్నా. ఒక వాన సాయంత్రం గేటు దాటి నాలుగడుగులు వేశానో లేదో, ఎదురుగా సంపు మూలన లైటు దానంతట అదే వెలిగింది. నేనింకా ఇక్కడే ఉన్నాను. అంటే అక్కడ ఇంకెవరో ఉన్నారు. గోడ మీద ఒక నీడ కర్రలాంటిది ఎత్తి పట్టుకుని నిలబడింది.

"ఎవరు?" అంది ఆ నీడ, నాకంటే ఎక్కువ వణికిపోతూ.

"నేనే ఆంటీ."

"నువ్వా బిడ్డా! పానం పోయిందనుకో."

కర్ర కాదు, గొడుగు. వానలో ఒక్కదాన్నే వస్తానని మోకాళ్ళ నొప్పులతో దిగి వచ్చారు. ఇంత భయం పెట్టుకుని ఎందుకు దిగినారని కోప్పడ్డాను. పైన కూర్చుని ఎదురుచూస్తుంటే ఇంకా భయమైతుందని అన్నారు.

అప్పటి నుంచి అదే అలవాటు. క్యాబ్ సందు తిరగ్గానే ఫోన్ చేసేదాన్ని. గేటు దాటేసరికి ఎదురుగా ఆ మూలన లైటు వెలిగేది. వాన ఉన్నా లేకున్నా చేతిలో గొడుగు. లిఫ్టులో ఆ రోజు భయాలన్నీ చెప్పుకునేవాళ్ళం, ఆమెవి ఆమె, నావి నేను. నా భయాన్ని ఎగతాళి చేయకుండా విన్న మనిషి నాకు ఈ ఊళ్ళో ఆమె ఒక్కరే.

సమాధి కార్యక్రమం అయ్యాక సెక్రటరీ గారు కళ్ళు తుడుచుకుంటూ, సంపు మూలన ఇక ఎప్పుడూ వెలిగే లైటే పెట్టిస్తానన్నారు. ఆమె అడిగింది అదే కాబట్టి మంచిదన్నాను. కానీ ఆ కబురు తెలిసిన సాయంత్రం నేనెట్లా ఇంటికి చేరానో ఆయనకు చెప్పలేదు.

సందు తిరగ్గానే అలవాటుగా ఫోన్ తీసి, మళ్ళీ బ్యాగులో పెట్టుకున్నాను. గేటు దాటాను. దారిలో చిన్న లైట్లన్నీ వెలుగుతూనే ఉన్నాయి. ఎదురుగా సంపు మూల మాత్రం చీకటి. ఒకప్పుడు ఆ లైటు వెలిగినందుకు పైప్రాణాలు పైనే పోయినదాన్ని, ఇప్పుడు అది వెలగలేదని అడుగు పడక నిలబడిపోయాను. వెలుగుతుందేమోనని చూశాను, సిగ్గు లేకుండా చాలాసేపు చూశాను. ఆమె పాటలో నాకు మొదటి మాట తప్ప రాదు. ఆ ఒక్క మాటనే గట్టిగా, వంకర గొంతుతో పాడుకుంటూ నడిచాను. మలుపులోకి అడుగు పెట్టగానే లైటు వెలిగింది. సంపు పైపుకు ఆమె గొడుగు వేలాడుతోంది, ముందు రోజు సాయంత్రం ఆమె తగిలించి మర్చిపోయినట్టుంది.