జుట్టు కత్తిరించని సీజను

హార్లండ్ ఊరికంతటికీ ఒక్కటే బార్బర్ షాపు. దాని యజమాని ఈబెన్ స్కాగిన్స్‌కు రెండే రెండు పిచ్చులు: ఒకటి కత్తెర, రెండోది ఊరి కాలేజీ ఫుట్‌బాల్ జట్టు. ఆ ఏడాది ఆ రెండింటికీ పొసగకుండా పోయింది. తప్పు ఎవరిదయ్యా అంటే, అచ్చంగా ఈబెన్‌దే.

ఆ రోజుల్లో అది ఆటేమిటి, కుమ్ములాట! కోడిగుడ్డులా ఉండే తోలు బంతిని చంకన పెట్టుకుని ఒకడు పరిగెడితే, అవతలి జట్టంతా మీద పడి నేలకేసి తొక్కేది. తలకు టోపీ కూడా ఉండేది కాదు. సీజను మొదలయ్యే ముందు కెప్టెన్ లైమన్ క్రేన్ నెత్తి పగలగొట్టుకుని వస్తే, గాయం తుడుస్తూ ఈబెన్ ఓ ఉచిత సలహా పారేశాడు. "జుట్టు పెంచండ్రా! మీ తలకాయలకి అదే దిండు."

పెంచారు. మొదటి ఆట గెలిచారు, రెండోదీ గెలిచారు. ఇక ఓడేదాకా కత్తెర ముట్టకూడదని జట్టంతా ఒట్టు పెట్టుకుంది. వాళ్ళను చూసి కాలేజీ, కాలేజీని చూసి ఊరు, ఆఖరికి పాస్టరుగారు కూడా జుట్టు పెంచేశారు. జట్టు గెలుస్తూనే ఉంది, ఈబెన్ కుర్చీ ఖాళీగానే ఉంది. విడ్డూరం ఏమిటంటే, ఈబెన్ కూడా ఆ ఒట్టులో చేరిపోయాడు.

"జుట్టు కత్తిరించేవాడివై ఉండి ఆ జులపాలేంటయ్యా? అద్దంలో చూసుకుంటే నీకే భయమెయ్యట్లేదా?" అంది భార్య లెటీ.

"ఊరుకోవే! జట్టు గెలుస్తోంది."

"అవునవును, జట్టు గెలుస్తోంది, నువ్వు ఈగలు తోలుకుంటున్నావు."

ఈబెన్‌కు కోపం రాలేదు. ఆ శరదృతువంతా అతను నేల మీద నడిస్తేగా!

నవంబరు చివర్లో థాంక్స్‌గివింగ్ పండగ రోజున ఆఖరి ఆట, వెస్ట్‌ఫీల్డ్ కాలేజీతో. అది గెలిస్తే సీజనంతా ఓటమన్నదే లేనట్టు. పండగ విందుకు పెట్టిన టర్కీ కోళ్ళను పొయ్యిల్లోనే వదిలేసి ఊరు ఊరంతా మైదానం చుట్టూ కట్టిన తాడు దగ్గరికి వచ్చేసింది. అందరికంటే ముందు ఈబెన్. అలవాటుకొద్దీ కోటు జేబులో కత్తెర.

ఆట మొదలైన కాసేపటికే వెస్ట్‌ఫీల్డ్ వాళ్ళు బంతిని ఆకాశానికి తన్నారు. అందుకోబోయిన లైమన్ కళ్ళ మీదికి జుట్టంతా వచ్చి పడింది. బంతి జారింది. వెస్ట్‌ఫీల్డ్ వాడొకడు దాన్ని ఎత్తుకుపోయి గీత దాటాడు. నాలుగు పాయింట్లు. గీత దాటాక బంతిని గోలు కర్రల మధ్య నుంచి తన్నితే ఇంకో రెండు వచ్చేవి గానీ, అదృష్టం, ఆ తన్ను గురి తప్పింది.

విరామంలో లైమన్ తిన్నగా ఈబెన్ దగ్గరికే వచ్చాడు. "బాబాయ్, కత్తెరుందా? ముందరి జుట్టు తీసెయ్. నాకేమీ కనపడి చావట్లేదు."

జనం గగ్గోలు పెట్టారు. మాంసం కొట్టు డాబ్సన్ తాడు మీంచి ముందుకు వంగి అరిచాడు. "స్కాగిన్స్! ఒట్టు తీసి గట్టున పెట్టావో, ఓడామంటే నీ వల్లే! మళ్ళీ ఈ ఊళ్ళో ఒక్కడు నీ కుర్చీ ఎక్కితే చూడు!"

డాబ్సన్ ఉత్తినే అనడం లేదని ఈబెన్‌కు తెలుసు. ఓడితే కుర్చీ బండికెత్తుకుని ఊరొదిలి పోవాల్సిందే. కానీ ఎదురుగా మట్టి కొట్టుకుపోయిన మొహంతో, కళ్ళు చికిలిస్తూ కుర్రాడు నిలబడి ఉన్నాడు.

"కదిలావంటే ముక్కు ఎగిరిపోద్ది," అన్నాడు ఈబెన్, కత్తెర తీస్తూ.

నుదుటి మీది జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలింది.

రెండో సగమంతా బురదలో పెనుగులాటే. చీకటి పడబోతుండగా వెస్ట్‌ఫీల్డ్ వాళ్ళు మళ్ళీ బంతిని పైకి తన్నారు. ఈసారి లైమన్ దాని మీంచి చూపు తిప్పలేదు. గుండెలకు హత్తుకున్నాడు. ఒకణ్ణి తోశాడు, ఇంకొకణ్ణి తప్పించాడు, మూడోవాడు చొక్కా పట్టుకు వేలాడుతుంటే ఈడ్చుకుంటూనే గీత దాటాడు. సమానం! ఇక ఆ తన్నొకటి మిగిలింది. ఈబెన్ కళ్ళు మూసేసుకున్నాడు. డాబ్సన్ అరుపు చెవులు చిల్లులు పడేలా వినిపించాక గానీ తెరవలేదు. బంతి అప్పటికే కర్రల మధ్య నుంచి దూసుకుపోయింది. మరుక్షణమే అదే డాబ్సన్ అతన్ని భుజాల మీదికి ఎత్తుకుని గంతులేస్తున్నాడు. ఈబెన్ సిగ్గు లేకుండా ఏడ్చాడు.

సీజను ముగిసింది, ఒట్టూ తీరింది. మర్నాడు షాపు ముందు జనం బారులు తీరారు. ఈబెన్ కుర్చీ దులిపి లైమన్‌ను పిలిచాడు. లైమన్ కూర్చోలేదు.

"ముందు నువ్వెక్కు, బాబాయ్. ఊళ్ళో నీకు కత్తిరించేవాడు ఇంకెవడున్నాడు?"

"నీకొచ్చురా ఈ పని?"

"నీకు మాత్రం ఫుట్‌బాల్ వచ్చా ఏంటి, సలహా ఇవ్వలా?"

ఈబెన్ నవ్వుతూ ఎక్కి కూర్చున్నాడు. లైమన్ ఒక పక్క చెవి దాకా తీశాడు, రెండో పక్క వదిలేశాడు, వెనక మెట్లు మెట్లుగా కోశాడు. లెటీ చూసి నెత్తి బాదుకుంది. "ఖర్మ! ఇటు రావయ్యా, నేను కాస్త సరిచేస్తాను, నలుగురూ నవ్వుతారు."

"ముట్టుకున్నావంటే ఊరుకోను," అన్నాడు ఈబెన్. "కెప్టెన్ కత్తిరించిన జుట్టిది."

క్రిస్మస్ దాకా ఆ తలను అలాగే ఉంచుకున్నాడు, చలి కొరికేస్తున్నా టోపీ పెట్టుకోకుండా.