ఐసు డబ్బాలో మా చిన్నమ్మ

బతికున్న మనిషికి నడి బస్సులో సంతాపసభ జరిపించిన ఘనుణ్ని మీరెప్పుడైనా చూశారా? అది నేనే. మీరు నవ్వుకోండి, పర్వాలేదు.

నన్ను పెంచింది మా చిన్నమ్మ. వరంగల్ దవాఖానాలో ఆమె కడుపులోంచి కణితి తీశారు. డాక్టరమ్మ నన్ను పిలిచి, అగ్గిపెట్టెకన్నా చిన్న మైనం బిళ్ల చేతిలో పెట్టింది.

"కణితి ముక్క ఈ మైనంలనే ఉంది. అది అండాశయంల పుట్టిందా, పేగుల పుట్టి ఆడికి పాకిందా తెల్వాలె. హైదరాబాద్ ల్యాబుల రంగులేసి చూస్తరు. పుట్టిన జాగను బట్టి రంగు పడతది, దాన్ని బట్టే మందు. జర పైలం, ఎండల పెట్టకు."

మైనం! మే నెల! వరంగల్ ఎండ! బిళ్ల కరిగితే రోగం ఎక్కడిదో తెలియదు, మందు తప్పుతుంది, చిన్నమ్మ నాకు దక్కదు. సోడా బండి దగ్గర ఐసు కొట్టించి, స్టీలు డబ్బా నింపి, కవర్లో చుట్టిన బిళ్లను నడుమ పెట్టి, పైన ఎర్రగుడ్డ కట్టి, ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. ఆ వాలకం చూస్తే ఎవరికైనా ఏం తోస్తుందో ఆలోచించే తెలివి నాకెక్కడిది?

రఘునాథపల్లి దాటేసరికి డబ్బా కారసాగింది. ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్ముకుని పోతున్న పక్కసీటు పెద్దాయన ధోవతి తడిసింది. కండక్టరు ఆగాడు.

"ఏంది తమ్మీ, ఏముంది అండ్ల?"

మైనం అంటే సరిపోయేది. భయంలో నా నోరు నా మాట వినలేదు.

"మా చిన్నమ్మ."

కండక్టరు టికెట్ల మిషన్ చంకలో పెట్టుకుని డబ్బాకు దండం పెట్టాడు.

"అయ్యో కొడుకా!" అన్నాడు పెద్దాయన. "ఏమైండె?"

"కడుపుల గడ్డ" అన్నాను. ఏడుపొచ్చేసింది. అది మాత్రం నిజం ఏడుపే.

"ఏడికి తీస్కపోతానవ్?"

"హైదరాబాద్."

పెద్దాయన అదిరిపడ్డాడు. "అస్థికలు మూసీల కలుపుతవారా? గింత అన్యాలమా? కాళేశ్వరం తీస్కపో!"

ఆయన మాట నా బుర్రకెక్కేలోపు ఫోన్ మోగింది. తడి వేలు తగిలి స్పీకర్ ఆన్ అయింది.

"ఏడిదాక పోయినవ్‌రా? ఏమన్న తిన్నవా?"

"చిన్నమ్మా, జనగామ దగ్గరున్న."

కండక్టరు ఒక్క గెంతులో డ్రైవర్ పక్కకు చేరాడు. పెద్దాయన జనగామ వరకూ నిలబడే వచ్చాడు.

ల్యాబాయన చేతికి బిళ్ల ఇస్తూనే అడిగాను. "సార్, కరిగిందా?"

ఆయన దాన్ని తుడిచి, నా కళ్లముందే ఐసు గడ్డ మీద పెట్టాడు. "గీ ఎండకు కరగదు తమ్మీ. పల్చగ కోసేటందుకు మేమే ఐసు మీద పెడతం. నువ్వు ముందుగాల్నే చేసినవ్."

కొన్నాళ్లకు కబురొచ్చింది. కణితి పుట్టింది అండాశయంలోనే. దానికి తగ్గ మందు మొదలైంది. ఊడిన జుట్టు మళ్లీ మొలిచాక ఒకరోజు చిన్నమ్మకు బస్సు సంగతంతా చెప్పాను. కడుపు పట్టుకుని నవ్వి, ఉన్నట్టుండి ఆగింది.

"అవునురా, మరి నాకు టికెట్ తీసినవా?"

"ఆడోళ్లకు బస్సు ఫ్రీయే గద చిన్నమ్మా!"

కాళేశ్వరం గోదారి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇక జన్మలో మా చిన్నమ్మను డబ్బాలో పెట్టి బస్సెక్కించను. ఫ్రీ అయినా సరే.